పడదు అంటే అయిష్టం

వంకాయ పడదు అన్న మాట మీద డాక్టరేట్లున్న పెద్దమనుషులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చర్చించిన సభలో నేనున్నాను. మధ్యలో భోజనానికి లేచారు. గుత్తివంకాయ వడ్డించారు. ఒకాయన దాన్ని వేలితో పక్కకి నెట్టి, “నాకు పడదండీ” అన్నాడు. అన్నవాడికీ నవ్వు రాలేదు, విన్నవాళ్ళకీ రాలేదు. అంత తెలివైనవాళ్ళు చేతులు కడుక్కుని మళ్ళీ లోపలికి వెళ్ళి ఆ మాటకి అర్థం తేల్చారు.

నా పేరు ఇందుమతి. డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పుకునేదాన్ని. మా అక్క కాత్యాయని భర్త మధుమూర్తి బావ, విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా కొండవాలు మీద కట్టిన ఆరోగ్య ప్రమాణాల ప్రయోగశాలకి డైరెక్టరు. “రోగులు తెలుగులో ఏడుస్తారు, మా యంత్రానికి కోడ్ కావాలి. మధ్యలో మాటలు తెలిసిన మనిషి ఉండాలి, వచ్చెయ్యి ఇందూ” అని ఉద్యోగమిచ్చాడు. వెళ్ళాను. అక్కడ నా మాట విన్నవాడు ఒక్కడూ లేడు, కాఫీ మిషను మాత్రం బాగుండేది.

ఆలోచన చెడ్డదని నేననను. అంతకు ముందు ఒక ఆసుపత్రి కంప్యూటర్ రాసింది ఇంకో ఆసుపత్రి కంప్యూటర్‌కి అర్థమయ్యేది కాదు. ఒకచోట షుగర్ ఒక కొలతలో రాస్తే ఇంకోచోట వేరే కొలత. రోగి ఫైళ్ళ సంచీ చంకన పెట్టుకుని ఊరంతా తిరిగేవాడు, వెళ్ళిన ప్రతిచోటా చేసిన పరీక్షలే మళ్ళీ చేయించుకునేవాడు. బావ కనిపెట్టిన ‘ఏకకంఠం’ ఈ తలనొప్పికి విరుగుడు. అన్ని ఆసుపత్రుల యంత్రాలూ ఒకే ప్రమాణంలో మాట్లాడతాయి. ఏ జబ్బుకైనా, ఏ మందుకైనా, ఏ బాధకైనా ఒక్కటే కోడ్.

అక్కడితో ఆగి ఉంటే నేనే వెళ్ళి దండ వేసేదాన్ని. కానీ బావ ఆగే రకం కాదు. ఏకకంఠానికి ఇంకో గుణం తగిలించాడు. ఒక మనిషి గురించి ఒక ఆసుపత్రి ఒకటి చెప్పి, మిగతావన్నీ ఇంకోటి చెప్తే, ఆ ఒక్కదాన్నీ యంత్రం తనంతట తనే సరిదిద్దేస్తుంది. దీనికి ‘మానడం’ అని పేరు పెట్టారు. గాయం మానినట్టు తప్పు మానుతుందట. మొదటి ప్రదర్శనలో ఒక ముసలాయన రక్తం గ్రూపు ఒకచోట తప్పుగా ఉంటే, మా కళ్ళ ముందే ఆ అక్షరం మసకబారి సరైన అక్షరం తేలింది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నిజంగానే ఒళ్ళు జలదరించింది.

ఇక ఆ మాట సంగతి. తెలుగు రోగులు చెప్పిన వాటిలో యంత్రం గొంతులో ముల్లులా ఇరుక్కున్న మాట ‘పడదు’. చన్నీళ్ళు పడవు, పెరుగు పడదు, ఏసీ గాలి పడదు, ఆ పచ్చమాత్ర పడదు, మా అత్తకీ నాకూ పడదు. మొదట్లో అన్నిటినీ ఎలర్జీ కింద రాసేశారు. తెర మీద ఎక్కడ చూసినా ఎర్ర హెచ్చరికలే. అత్తగారంటే ఎలర్జీ ఉన్న కోడళ్ళు జిల్లాకి కొన్ని వేలమంది తేలారు. చివరికి డాక్టర్లు ఎర్రరంగు చూడటమే మానేశారు. అది నిజమైన సమస్యే, కాదనను. దానికి వీళ్ళు కనిపెట్టిన మందు చూడండి.

బెంగుళూరు నుంచి ఒక సలహాదారు దిగాడు. కోటు, మెడలో కార్డు, మొహాన తీరిగ్గా ఒక నవ్వు. “మేడమ్, ఈ మాటకి ఎన్ని అర్థాలు?” అని ఇంగ్లీషులో అడిగాడు.

“ఎవరన్నారు, దేని గురించి అన్నారు అన్నదాన్ని బట్టి ఉంటుందండీ” అన్నాను.

“అయితే అది పదం కాదు, లోపం” అన్నాడు. అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు.

రక్తపరీక్ష జత చెయ్యని ప్రతి ‘పడదు’నీ ‘వ్యక్తిగత అయిష్టం’గా మార్చాలని తీర్మానం. ఇప్పటిదాకా ఉన్నవీ, ఇకముందు రాబోయేవీ అన్నీ. నాకు ఒళ్ళు మండింది.

“బావా, పడదు అంటే ఇష్టం లేదని కాదు. పెరుగంటే ప్రాణం పెట్టేవాడికి కూడా పెరుగు పడకపోవచ్చు. ఇష్టం నోటికి సంబంధించింది, పడటం ఒంటికి సంబంధించింది. పోనీ, కోడ్ పక్కన రోగి అన్న మాట ఉన్నదున్నట్టు ఉంచండి. చదివే డాక్టరుకి బుర్ర ఉంటే వాడే తెలుసుకుంటాడు.”

“మూలం మోసుకు తిరిగితే ఇక ప్రమాణం ఎందుకు ఇందూ? ఒక మాటకి ఒక కోడ్. అంతే” అన్నాడు బావ. సభలో నేను బావా అని పిలిచినందుకు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నా అభ్యంతరాన్ని మినిట్స్‌లో ‘భాషా నిపుణురాలి వ్యక్తిగత అయిష్టం’ అని రాశారు. ప్రమాదవశాత్తూ కాదు, ఆ కోడే వాడారు.

ఆ ఆదివారం అక్కావాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. బావ గదిలో ఫోను మాట్లాడుతున్నాడు. అక్క వంటింట్లో చేపలపులుసు దించుతోంది. ఆ ‘పడదు’ గొడవే తలుచుకుంటూ పళ్ళాలు పెడుతున్న నాకు హఠాత్తుగా అమ్మ గుర్తొచ్చింది.

అమ్మకి గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు మేమిద్దరం చిన్నవాళ్ళం. ఆపరేషన్ అయిపోయింది గానీ అమ్మ కదల్లేదు. ఊపిరి మిషనే పీల్చింది. మర్నాడు సాయంత్రానికి వేలు కదిపింది. గొంతు వచ్చాక అమ్మ మొదట అన్న మాట, “నాకన్నీ వినపడుతూనే ఉన్నాయే, రెప్ప ఎత్తలేకపోయాను” అని. గొంతులోకి గొట్టం దించే ముందు కండరాలు వదులు చెయ్యడానికి ఒక ఇంజక్షన్ ఇస్తారు. అందరికీ నాలుగైదు నిమిషాల్లో కరిగిపోతుంది. దాన్ని కరిగించే పదార్థం అమ్మ రక్తంలో లేదు. “ఇది మీ పిల్లలకీ ఉండొచ్చు, ఎక్కడికి వెళ్ళినా ముందే చెప్పమనండి” అన్నాడట డాక్టరు. అప్పట్నుంచి అక్క పంటినొప్పికి వెళ్ళినా సరే, పేరు చెప్పకముందే చెప్పేది, “నాకు మత్తు పడదండీ” అని.

ఫోన్‌లో అక్క రికార్డు తెరిచి చూశాను. ‘మత్తుమందు: వ్యక్తిగత అయిష్టం.’

అక్క చదివి పకపకా నవ్వింది. “మత్తంటే ఇష్టముండటానికి నేనేమన్నా తాగుబోతునా?”

నాకు నవ్వు రాలేదు. మర్నాడే బలవంతంగా లాక్కెళ్ళి రక్తపరీక్ష చేయించాను. అమ్మకి లేని పదార్థమే అక్కకీ లేదు. ఆ డాక్టరు మంచివాడు, వెంటనే ఎర్రహెచ్చరిక రాసి, కాగితం మీద కూడా సంతకం చేసి ఇచ్చాడు. మేం కిందకి దిగి ఆటో మాట్లాడుకునేలోపు ఏకకంఠం దాన్ని మాన్పేసింది. అక్క ఇంతకు ముందు వెళ్ళిన ఆసుపత్రులన్నీ అయిష్టం అంటుంటే, ఈ ఒక్కటీ ఎలర్జీ అంటుందేమిటని దానికి అనుమానం వచ్చింది. పరీక్ష ఫలితాన్ని కూడా ‘పొరపాటు, ఉపసంహరించబడింది’ అని కొట్టేసింది.

నేను నేరుగా బావ గదిలోకి వెళ్ళాను.

“అన్ని ఆసుపత్రులూ ఒకేమాట చెప్తున్నాయి ఇందూ. ఒక్కడు కాదంటే ఎలా?”

“అవన్నీ చెప్పటంలేదు బావా. ఒకడు రాస్తే మిగతావాళ్ళకి నీ యంత్రమే పంచిపెట్టింది. ఇప్పుడు అదే వచ్చి, ఇంతమంది సాక్షులున్నారు చూడు అంటోంది.”

“దాన్ని ఏకాభిప్రాయం అంటారు.”

“మా కాలేజీలో కాపీ కొట్టడం అంటారు. పట్టుకుంటే పరీక్ష హాల్లోంచి బయటికి పంపిస్తాం.”

బావ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది ఆయన ఓపిక ప్రదర్శించే పద్ధతి. “జాతీయ ప్రారంభోత్సవం పెట్టుకున్నాం. ఢిల్లీ నుంచి పెద్దలొస్తున్నారు. ఇప్పుడు నా పెళ్ళాం రికార్డు నేను చేత్తో మార్చానని తెలిస్తే, రేపు ప్రతివాడూ మార్చమంటాడు. ప్రమాణం మంటగలుస్తుంది. తర్వాతి వెర్షన్‌లో చూస్తాను.”

“ఈలోపు అక్కకి ఏదన్నా అయితే?”

“ఏమవుతుంది? రాయిలా ఉంది” అన్నాడు. పెళ్ళాన్ని గురించి ఆయన చేసిన వైద్యపరిశోధన మొత్తం అదే.

ప్రారంభోత్సవం నాడు మమ్మల్నందరినీ ఫోన్లు బయట పెట్టించి హాల్లో కూర్చోబెట్టారు. బావ కొత్త సూటు వేసుకుని కాలరెగరేసి మాట్లాడుతున్నాడు. “ఇకపై రోగి నోరు విప్పనక్కరలేదు. అతని గురించి మనకి అతనికన్నా బాగా తెలుసు” అన్నాడు. ఢిల్లీ పెద్దలు మెచ్చుకోలుగా బల్ల చరిచారు. నా పక్కనున్నాయన కళ్ళు తుడుచుకున్నాడు కూడా. అదే సమయానికి అక్క కడుపునొప్పితో వంటింట్లో మెలికలు తిరిగిపోతోందని మాకెవరికీ తెలియదు.

పక్కింటి రవణమ్మగారు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అపెండిక్స్ పగిలింది, వెంటనే కొయ్యాలన్నారు. తర్వాత ఆవిడే నాకు చెప్పింది. “మీ అక్క అంత నొప్పిలోనూ అంటానే ఉందమ్మా, ‘నాకు మత్తు పడదు, నాకు మత్తు పడదు’ అని. ఆ మత్తు డాక్టరు తెర చూసేసి, ‘మరేటి పర్లేదమ్మా, ఇందులో రాసుంది, మీకు ఇష్టం లేదని. ఎవలికి ఇష్టముంటాది సెప్పండి’ అని నవ్వేడు. నేనేటి సెప్పగలను?”

నేను వెళ్ళేసరికి ఆపరేషన్ అయిపోయింది. బాగా చేశారు, ఆ మాట చెప్పాలి. అక్క ఐసీయూలో మంచం మీద ఉంది. నోట్లో గొట్టం, పక్కన ఊపిరి మిషను. కనురెప్ప కూడా కదలడం లేదు.

డాక్టర్ వంశీధర్ అని, ఐసీయూ ఆయనదే. నేను అమ్మ కథ చెప్పాను. కాగితం చూపించాను. ఆయన కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు. “ఏకకంఠం వచ్చాక కాగితాలు చెల్లవండీ. పైగా ఈ పరీక్ష పొరపాటని రికార్డులోనే ఉంది. ఆపరేషన్‌లో మెదడుకి ఆక్సిజన్ అంది ఉండదని మా అనుమానం” అన్నాడు.

ఆ రాత్రి గడిచింది. తెల్లారాక కూడా అక్క కదల్లేదు. నొప్పిమందు వల్ల కనుపాపలు ముడుచుకుపోయి ఉన్నాయి, లైటు వేసి చూస్తే ఏమీ తేలలేదు. ఒంట్లో ఏ కదలికా లేదన్న సంగతి ఏకకంఠం తన ప్రమాణం ప్రకారం ఒక కోడ్‌గా మార్చింది: ‘మెదడు మరణం అనుమానం’. ఇంతవరకూ మా ఊళ్ళో ఏ కబురూ అంత వేగంగా పాకి ఉండదు. కాఫీ తాగి వచ్చేలోపు, అక్క ఎప్పుడో చేసిన అవయవదానం ప్రతిజ్ఞ వెతికి తీసింది, కిడ్నీలు సరిపోయేవాళ్ళని మూడు ఆసుపత్రుల్లో గుర్తించింది, వాళ్ళకి సిద్ధంగా ఉండమని కబురు పంపింది. యంత్రాలన్నీ ఎంత చక్కగా కలిసి పనిచేశాయో. పొరపాటు ఒక్కటే, మనిషి బతికుంది.

బావ వచ్చాడు. నిన్నటి సూటే. వంశీధర్ ఒక కంప్యూటర్ పలక ముందుకు జరిపాడు.

“ఊపిరి మిషను కాసేపు తీసి చూస్తాం సార్. తనంతట తను పీల్చిందంటే మెదడు పనిచేస్తున్నట్టు. పీల్చకపోతే... ఇంకేముంది, నిర్ధారణ అయినట్టే. మీ సంతకం కావాలి.”

“దానికి పీల్చడం సాధ్యం కాదు డాక్టర్!” నా గొంతు నాకే వికృతంగా వినపడింది. “కండరాలు కదలవు కాబట్టి పీల్చలేదు. ఆ మందు ఇంకా ఒంట్లోనే ఉంది. మీరు మిషను తీస్తే, అన్నీ తెలుస్తుండగా ఊపిరాడక చచ్చిపోతుంది.”

వంశీధర్ చెడ్డవాడు కాదు. భయస్థుడు. “మేడమ్, ఆ మందు పడని మనిషని రికార్డులో ఉంటే నేనే ఆగుతాను. రూలు కూడా అదే. లేదు కదా. సార్ డైరెక్టరు గారు, రికార్డు తప్పు అని సార్ ఒక్కమాట అంటే చాలు, రేపటిదాకా ముట్టుకోను.”

అందరం బావ వైపు చూశాం. రెండు ముక్కలు. రికార్డు తప్పు, అంతే. ఢిల్లీ వాళ్ళు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. ఆయన ఫోను జేబులో గురగురలాడుతోంది. తీసి పేరు చూసి, మంచానికి అవతలి పక్కకి వెళ్ళి, అక్క తల దగ్గరే నిలబడి మాట్లాడాడు.

“లేదు సార్, సిస్టమ్ బ్రహ్మాండంగా పనిచేసింది... మా ఆవిడే సార్, దురదృష్టం... లేదు లేదు, ఫిర్యాదు ఎవరిస్తారు సార్, మా ఇంటి మనిషేగా... నేను చూసుకుంటాను.”

నేను అక్క మొహం చూస్తున్నాను. కుడికంటి చివర నీరు ఊరింది. ఊరి, చెవి వైపు జారింది. వంశీధర్‌కి చూపించాను. “అది రోగికి తెలియకుండా వచ్చేది మేడమ్, దానికీ కోడ్ ఉంది” అన్నాడు.

బావ చెయ్యి పట్టుకుని కారిడార్లోకి ఈడ్చాను. “బావా, నీకు దణ్ణం పెడతాను. నిన్ను నేను తిట్టినవన్నీ వెనక్కి తీసుకుంటాను. ఆ ఒక్కమాట అను. అది వింటోంది, ఏడుస్తోంది. అది నీ పెళ్ళాం.”

ఆయన మొహం పాలిపోయింది. ఆయనకి అక్క మీద ప్రేమ లేదని నేననను. తలుపు అద్దంలోంచి అక్క మంచం వైపే చూస్తున్నాడు. అందుకే నాకు ఇంకా అసహ్యం వేసింది. ప్రేమ ఉన్నవాడు కూడా అంతసేపు నీళ్ళు నమలగలడని నాకంతకు ముందు తెలియదు.

లోపలికి వెళ్ళాడు. గొంతు సవరించుకున్నాడు.

“డాక్టర్ గారూ, రికార్డు సంగతి అలా ఉంచండి. ఆడవాళ్ళు... మా మరదలు చాలా బాధపడుతోంది. సెంటిమెంటు. రేపటిదాకా ఆగుదాం. కుటుంబానికి ఇష్టం లేదని రాసుకోండి.”

వంశీధర్‌కి ప్రాణం లేచొచ్చినట్టయింది. పలక మీద ఒక గడి నొక్కాడు. ‘వాయిదా. కారణం: కుటుంబ సభ్యుల వ్యక్తిగత అయిష్టం.’ యంత్రం ఒప్పుకుంది. మూడు ఆసుపత్రులకీ ఆగమని కబురు వెళ్ళింది. బావ నా వైపు చూసి, గెలిచినవాడిలా కళ్ళెగరేశాడు. తప్పు ఒప్పుకోకుండా పెళ్ళాన్ని బతికించుకున్నాడు. ఇంతటి మేధావి మా ఇంటి అల్లుడు.

నేను మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని అక్క చెయ్యి పట్టుకుని మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. చేపలపులుసులో ఉప్పు గురించి, రవణమ్మగారి ఆటో బేరం గురించి, నోటికొచ్చిందల్లా. ఎండ కిటికీ దాటి గోడ మీదికి ఎక్కే వేళకి నా అరచేతిలో అక్క చిటికెనవేలు కదిలింది.

సాయంత్రానికి గొట్టం తీశారు. రికార్డులో ఎర్రహెచ్చరిక లేని మనిషి ఎలా లేచిందో వంశీధర్‌కి కోడ్ దొరకలేదు. ‘ఆకస్మిక మెరుగుదల’ అని రాసుకున్నాడు. బావ ఒక పళ్ళబుట్టతో వచ్చి మంచం మీదికి వంగాడు.

“కాత్యా, భయపడ్డావా? నేనున్నాను కదా. నేను ఆపకపోతే ఏమయ్యేదో తెలుసా?”

అక్క ఆయన వైపు తల తిప్పింది. పెళ్ళయిన నాటి నుంచీ బావని మీరు తప్ప ఇంకో మాట అనని మనిషి మా అక్క.

“పక్క మంచం ఆవిడ మొగుడు పోర్టులో మూటలు మోస్తాడు” అంది. గొంతు గరగరమంటోంది. “పొద్దున వచ్చి ఏడుస్తుంటే విన్నాను. ఆయన ఈ డాక్టరుతో ‘మాకిష్టం లేదు, రేపటిదాకా ఆగండి’ అంటే, ఆగేవాడా?”

“అది వేరు కాత్యా. నువ్వు ఇప్పుడు...”

“నాకు నువ్వున్నావు. అలా చెప్పి ఆపావు. ఆవిడకెవరున్నారు?”

బావకి ఆ ప్రశ్న అందిందో లేదో గానీ, నువ్వు అన్న మాట మాత్రం చెంప మీద పడ్డట్టే అందింది. పళ్ళబుట్ట ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతుల్లోకీ మార్చుకున్నాడు.

“ఢిల్లీ ఆయనకి ఫోన్ చెయ్యి” అంది అక్క. “పొద్దున నా తల దగ్గర నిలబడి, ఫిర్యాదు ఎవరిస్తారు అన్నావే, ఆయనకి.”

“ఇప్పుడెందుకు? నీకు గొంతు బాగాలేదు. విశ్రాంతి తీసుకో. నేను తర్వాత వివరంగా...”

“నాకు గొంతు లేనప్పుడు నా తరఫున నువ్వు మాట్లాడావు. ఇప్పుడు వచ్చింది. ఫోనివ్వు.”

బావ నా వైపు చూశాడు, వంశీధర్ వైపు చూశాడు.  పళ్ళబుట్ట నేలమీద పెట్టి, జేబులోంచి ఫోను తీసి, నంబరు నొక్కి అక్క చేతిలో పెట్టాడు.